నీటి చీట్ల గుట్టకు కొత్త కన్నం

ఒక పెద్ద అడవిలో నీళ్లకు కరువొచ్చింది. మిగిలింది ఒకే ఒక్క మడుగు. అందులో మూతి పెట్టాలంటే చీటీ ఉండాలి. గట్టున కాపలా ఉన్న కొండముచ్చు చీటీ చూడందే ఎవర్నీ వదలడు. ఎవరు ఏ వేళకు తాగాలో రాసి ఉండే ఆ చీటీ కావాలంటే సర్వర్ గుట్టకు పోవాలి.

సర్వర్ గుట్ట అంటే మరేం లేదు, ఒళ్లంతా కన్నాలున్న పెద్ద మట్టిదిబ్బ. మనుషుల దగ్గర ఇలాంటిదేదో ఉందని విని జంతువులూ ఒకటి పెట్టుకున్నాయి. కన్నాలను పోర్టులనేవారు. అవి వేలల్లో ఉండేవి, ప్రతిదానికీ ఓ నంబరు. చీట్లిచ్చేది మాత్రం నాలుగు వందల నలభై మూడో కన్నంలోనే. అక్కడ నిలబడి పిలిస్తే లోపలి అధికారి ముందు రాజముద్ర చూపించేవాడు, అసలు ఆఫీసు ఇదేనని నమ్మకం కలగడానికి. ఆ తర్వాత ఇద్దరూ గుప్తభాషలో మాట్లాడుకునేవారు. ఎవరు ఏ వేళకు నీళ్లకొస్తారో చిరుతపులి చెవిన పడకూడదు గదా.

ఇలా నడుస్తుండగా ఒకరోజు ఆ కన్నం దగ్గర నక్క అడుగులు కనబడ్డాయి. సభ కూర్చుంది. సర్వర్ అధికారి ముళ్లపంది విద్యానాథం లేచాడు. ఆయన పేరులో విద్య ఉండటం వల్ల అడవిలో ఎవరూ ఆయన్ని ప్రశ్నలడిగేవారు కాదు.

"తలుపు ఎక్కడుందో తెలిస్తేనే గదా దొంగ తట్టేది. తలుపే మార్చేద్దాం. ఎనిమిది వేల నాలుగు వందల నలభై మూడో కన్నానికి పోదాం. అటువైపు ఎవడూ రాడు" అన్నాడు.

"మరి జనానికి చెప్పొద్దా?" అన్నారెవరో వెనకనుంచి.

"చెబితే అది రహస్యమెలా అవుతుంది?"

సింహానికి ఈ మాట నచ్చింది. సింహానికి నచ్చింది సభకు నచ్చకపోవడమన్నది ఆ అడవిలో ఎన్నడూ లేదు.

మర్నాడు పొద్దున్నే చంద్రకాంతమనే దుప్పి చీటీ కోసం వచ్చింది. ఆమెకు పాలు తాగే పిల్ల ఉంది. తల్లి కడుపులో నీళ్లుంటే గదా పొదుగులో పాలు. ముందురోజే పొదుగు ఎండిపోయింది, పిల్ల ఏడ్చే ఓపిక లేక పొదలో పడుకుని ఉంది. ఇవాళ నీళ్లు దొరక్కపోతే రేపటికి పిల్ల దక్కదని ఆమెకు తెలుసు.

పాత కన్నం ముందు నిలబడి పిలిచింది. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పక్కనే సహాయ కేంద్రంలో ఎలుగుబంటి పాపారావు కునుకు తీస్తున్నాడు. "అన్నా, కన్నంలో ఎవరూ పలకట్లేదు" అంది.

"ఒకసారి వెనక్కెళ్లి మళ్లీ రండమ్మా" అన్నాడు పాపారావు, కళ్లు తెరవకుండానే.

వెళ్లి వచ్చింది. ఇంకోసారి వెళ్లి రమ్మన్నాడు. మళ్లీ వెళ్లి వచ్చింది.

"అయితే లోపం మీ కళ్లలోనే ఉంది. చూపులో పాతవన్నీ పేరుకుపోతాయి. శుభ్రంగా కళ్లు కడుక్కుని రండి."

"కడుక్కోడానికి నీళ్లుంటే నీ దగ్గరికెందుకొస్తానన్నా?"

దీనికేం చెప్పాలో పాపారావుకు శిక్షణలో నేర్పలేదు. ఇరకాటంలో పడి, "నేను చెప్పానని అనకండి" అంటూ కొత్త నంబరు ఆమె చెవిలో వేశాడు.

కొత్త కన్నం గుట్ట వెనకవైపు ఉంది. ముందు ముళ్లకంచె, కంచెకు ఏనుగు భద్రయ్య కాపలా.

"ఏ కన్నానికమ్మా?" అన్నాడు. చెప్పింది. "నాకిచ్చిన ఆర్డర్లో నాలుగు వందల నలభై మూడొక్కటే ఉంది. దానికైతే వెళ్లు, అడ్డం రాను."

"అక్కడెవరూ లేరు మావా."

"ఉన్నారా లేరా అన్నది నా శాఖ కాదు. వదలాలా వద్దా అన్నదే నా శాఖ."

భద్రయ్య చెడ్డవాడేం కాదు. ఆర్డరుంటే గుట్టనే ఎత్తి పక్కన పెడతాడు, లేకపోతే చీమను కూడా దాటనివ్వడు. చంద్రకాంతం కంచె ముందే కూలబడింది. చావైనా బతుకైనా ఇక్కడే, నీళ్లు దొరికితే తప్ప కదలనంది. గొడవ పెద్దదయ్యేసరికి సభ వేసిన కమిటీ దిగింది.

విద్యానాథం కన్నంలోంచి తల బయటపెట్టి, "నాకైతే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఇప్పుడే లోపల కూర్చుని నన్ను నేను పిలుచుకున్నాను, వెంటనే పలికాను" అన్నాడు.

"వెంటనే పలికారా?" అంది కమిటీ.

"పిలవడం పూర్తికాకముందే పలికాను."

ఇంతకన్నా రుజువేం కావాలి? లోపం దుప్పి గిట్టల్లో ఉందని కమిటీ తేల్చేసింది.

"బాబూ, లోపల్నుంచి లోపలికే పిలుచుకుంటే మధ్యలో కంచె ఎందుకొస్తుంది? ఒక్కసారి బయటికొచ్చి పిలిచి చూడండి" అంది చంద్రకాంతం.

అధికారి బయటికొచ్చి చూడటమన్న ఆచారం ఆ ఆఫీసులో లేదు. అప్పుడు భద్రయ్యే, "కొత్త నంబరుకో ఆర్డరిస్తే వదిలేస్తాను గదండీ. ఇంతవరకు నన్నెవరూ అడగలేదు" అన్నాడు. ఆర్డరిచ్చారు. తొండం పైకి లేచింది.

ఆమె కన్నం దగ్గరికి పరిగెత్తింది. పాత కన్నం ముందైతే గుప్తభాష దానంతటదే నోటికొచ్చేది. ఇది కొత్త చోటు, పైగా నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. మామూలు మాటల్లోనే "అయ్యా, చీటీ" అనేసింది. "తప్పుడు విన్నపం" అని లోపల్నుంచి వినిపించి కన్నం మూసుకుంది. తప్పు తెలుసుకుని గుప్తభాషలో మళ్లీ పిలిచింది. ఈసారి రాజముద్ర కనిపించింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"ఇవాళ్టి చీట్లు అయిపోయాయి" అన్నాడు విద్యానాథం.

"ఈ కన్నం ఎవరికీ తెలీదన్నారుగా?"

"ఎవరో ఒకాయన తెల్లారగానే వచ్చి అందరి పేర్లూ చెప్పి పట్టుకెళ్లాడు. ముద్ర చూసుకున్నాడు, గుప్తభాషలోనే అడిగాడు. అంతా నిబంధనల ప్రకారమే జరిగింది."

ఆ ఒకాయన కాస్త దూరంలో చెట్టుకింద చీట్లకట్ట ముందేసుకుని కూర్చున్నాడు. నక్క.

"రా వదినా. పాత కన్నం దగ్గర ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్లు, నా ఆట సాగేది కాదు. ఇక్కడ నన్ను చూసేవాడే లేడు. మీ విద్యానాథం గారు చల్లగా ఉండాలి" అన్నాడు.

"కంచె దాటి ఎలా వచ్చావు?"

"అడిగి వచ్చేవాడు దొంగెందుకవుతాడు? కిందనుంచి తవ్వుకొచ్చాను. ఒక్కో కన్నమే తట్టుకుంటూ పోయాను, నాకేం తొందర? సరే గానీ, నీకు చీటీ ఊరికే ఇస్తా. ఏ వేళకు కావాలో చెప్పు చాలు."

చిరుత తిని వదిలేసిన ఎముకలతోనే నక్క కాపురం సాగుతోందని అడవంతటికీ తెలుసు. చంద్రకాంతానికి పొదలో పడున్న పిల్ల గుర్తొచ్చింది.

"పొద్దు వాలే వేళకి" అని చెప్పి చీటీ తీసుకుంది.

దారిలో విద్యానాథం ముళ్లు నిక్కబొడుచుకుని ఎదురొచ్చాడు. ఆఖరికి ఆయన కూడా బయటికొచ్చాడన్నమాట. సింహానికి చీటీ లేదట. చట్టం ముందు అందరూ సమానమని సింహం సభలో ఉపన్యసించి చప్పట్లు కొట్టించుకుంది మొన్ననే. చీటీ లేకుండా మడుగుకెళ్తే నవ్వులపాలు, చీటీ తేకపోతే విద్యానాథం ఉద్యోగం నీళ్లపాలు.

"నాది తీసుకోండి బాబూ, పొద్దు వాలే వేళది. ప్రభువుల తర్వాతే గదా మేం" అంది చంద్రకాంతం. చీటీ ఆయన ముందు పెట్టి మడుగువైపు నడిచింది.

పొద్దు వాలుతుండగా సింహం చీటీ నోట కరుచుకుని మడుగులోకి దిగింది. ఎదురెండ కళ్లలో పడుతుంటే కొమ్మమీది చిరుతకు ఏదో గోధుమరంగు వీపు కనిపించింది. దుప్పేననుకుని దూకింది. తర్వాత వినిపించిన అరుపులకు కొండముచ్చు చెట్టు చిటారుకెక్కి మళ్లీ దిగలేదు. చిరుత ముందు, సింహం వెనక, రెండూ గుట్ట దాటి పోయాయి.

చంద్రకాంతం మడుగు పక్క పొదలోంచి వచ్చి కడుపారా నీళ్లు తాగింది. రాత్రికి పొదుగు చేపుకొచ్చింది. పిల్ల గుటకలేస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికైనా ఒంట్లో నీళ్లుండాలి మరి.

మర్నాడు సింహం వీపుకు ఆకుపసరు కట్టు కట్టించుకుని విచారణ జరిపింది. "కొత్త కన్నం మీద ఫిర్యాదులేమైనా వచ్చాయా?"

"ఒక్కటీ రాలేదు ప్రభూ" అన్నాడు విద్యానాథం. నిజమే, ఫిర్యాదులు కూడా ఆ కన్నంలోనే ఇవ్వాలి.

పథకం విజయవంతమని సభ తీర్మానించింది. అయినా నంబరు బయటపడింది కాబట్టి ఇంకా రహస్యమైన కన్నం వెతకాలంది. గుట్టలో ప్రతి కన్నం తట్టి చూసిన అనుభవజ్ఞుడు అడవి మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. నక్కను సగౌరవంగా పిలిపించి భద్రతా సలహాదారు పదవిలో కూర్చోబెట్టారు.

నీతి: తలుపు దాచిపెడితే దొంగకు దారి దొరక్కపోదు, పైపెచ్చు ఉద్యోగం కూడా దొరుకుతుంది.