వంతెన మీది దూత

ఆ ఉదయం కురాషిగె అనుకున్నది చాలా సులువైన పని. తాతలనాటి కవచం తొడుక్కుని, వీపున జెండా కట్టుకుని, గుర్రమెక్కి వెళ్ళి, "దారి సుగమం, సేనాపతీ!" అని విన్నవించడమే. ఊళ్ళో ఏటా జరిగే సమురాయి ఊరేగింపులో దూత చేసేది అంతే. కానీ ఈసారి సేనాపతి సాక్షాత్తూ మామగారు హంగాయి. కుర్రతనంలో మోటారుసైకిళ్ళ ముఠాతో తిరిగిన అల్లుణ్ణి ఇరవై ఏళ్ళుగా మనిషి కింద లెక్కకట్టని ఆయన, మొదటిసారి ఒక పని అప్పగించారు. ఇది చెడితే ఇక జన్మలో నమ్మరు.

తీరా చూస్తే గుర్రం కుంటుతోంది.

"నడిచి వెళ్ళు," అంది భార్య సుమియె.

"దూత నడవకూడదే! నడిస్తే మీ నాన్న నన్ను బతకనిస్తారా?"

ఇద్దరి చూపూ మూలన టార్పాలిన్ కప్పిన పాత బండి మీద పడింది. ముఠా రోజులనాటి ఆ మోటారుసైకిలు మీది టార్పాలిన్ లాగేశాడు కురాషిగె.

పెట్రోలు బంకు దగ్గర పాత నేస్తాలు చూడనే చూశారు. కవచం, ఎగిరే జెండా, అదే బండి! "అన్నా, మళ్ళీ దండు కడుతున్నావా? చెప్పనే లేదే!" అంటూ హారన్లు మోగిస్తూ వెంటపడ్డారు. పొమ్మని చెయ్యి ఊపాడు. రమ్మంటున్నాడనుకుని ఇంకా దగ్గరకొచ్చారు.

ఊరేగింపు కోసం బజారు రోడ్డు మూసేశారు. గత్యంతరం లేక ఫ్లైఓవర్ ఎక్కాడు. సగం దాటాక కిందికి చూశాడు. సరిగ్గా కిందనే సేనాపతి! ఆయన్ని పైనుంచి చూడటాన్ని మించిన అపచారం లేదు. ఆ రోజు మేడమీది కిటికీలు కూడా మూసుకుంటారు. అలాంటిది ముఠా మొత్తం వంగి చూస్తూ గౌరవంగా హారన్లు కొట్టింది.

"ఎవడ్రా పైన? దిగండ్రా!" అని గర్జించారు హంగాయి. ఆ హారన్ల మోతకు ఆయన గుర్రం బెదిరి, ఆయన్ని పక్కనున్న వరిమడిలో పడేసి ఉడాయించింది.

కురాషిగె ఫ్లైఓవర్ దిగి వచ్చి బండి మీదనే తల వంచాడు. "దారి... సుగమం, సేనాపతీ." ఏడుపొక్కటే తక్కువ.

మామగారు మీసాల బురద తుడుచుకున్నారు. సేనాపతి కూడా నడవకూడదు. సైన్యమంతా చూస్తోంది.

"ఏమోయ్, వెనక సీటుందా?"

"ఉంది మావయ్యా."

గుడి మలుపులో పోలీసు ఆపాడు. "ఈ బండి ఎవరిది?"

"మా అల్లుడిది!" అన్నారు హంగాయి గర్వంగా.

పోలీసు వినయంగా వంగి, తాతలనాటి ఇనుప టోపీలు హెల్మెట్ల కింద చెల్లవని చెప్పి, ఇద్దరినీ దింపి నడిపించాడు.

"వచ్చే ఏడాది హెల్మెట్లు రెండు తీసుకురా," అన్నారు మామగారు నడుస్తూ.