మోకాలు, దాని ప్యాకింగు

దిగుమతి ఉక్కు వల్ల దేశ భద్రతకు ముప్పుందని ప్రభుత్వం ప్రకటించిన మర్నాడు, ఉదయం పది గంటలకు, అప్పలస్వామి కుడి మోకాలిని అధికారులు విశాఖపట్నం ఓడరేవు గోదాముకు తరలించారు. మోకాలి చుట్టూ ఉన్న అప్పలస్వామిని రసీదులో ‘ప్యాకింగు’ అని రాశారు.

అప్పలస్వామి ముప్ఫై ఏళ్లు ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. అంత ఉక్కు పోతపోసినా, కీలు అరిగాక ఆపరేషనులో ఆయనకు దొరికింది విదేశీ ఉక్కు మోకాలే. దానితోనే రోజూ చేపల బజారుకు వెళ్లొచ్చేవాడు. ఈ నడకల్లో శత్రువుకు ఏం సమాచారం అందించావని మోకాలిని మూడు రోజులు ప్రశ్నించారు. మెట్లెక్కేటప్పుడు కిర్రుమనడం తప్ప అది నోరు విప్పలేదు.

భార్య నూకరత్నం గోదాముకు వెళ్లింది. “ఏటి బాబూ ఇది? మోకాలు మీరే ఉంచుకోండి. మా ఆయన్ని ఇచ్చీండి.”

“ప్యాకింగు విప్పితే సరుకు పాడవుతుందమ్మా,” అన్నాడు సూపరింటెండెంటు చిదంబరరావు. పాపం ఆయన చెడ్డవాడు కాదు. నిబంధనలన్నీ తిరగేసి ఒక దారి చూపించాడు. లోహం మీద తెలుగులో పేరు చెక్కి ఉంటే అది స్వదేశీ కిందే లెక్క. ఆ పేరు గల వాళ్లకు అప్పగించేస్తారు.

నూకరత్నం గిన్నెల కొట్లో పేర్లు చెక్కే సన్యాసిరావుని ఆటోలో తీసుకొచ్చింది. ఆస్పత్రివాళ్లు పాత కుట్టు దగ్గర మోకాలిని ఒక అరగంట తెరిచి పెట్టారు. సన్యాసిరావు మిషను ఆన్ చేసి, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ అడిగాడు.

“ఇది ఎవలిచ్చారమ్మా?”

“మా తమ్ముడు సింహాద్రి. ఆపరేషను ఆడే సేయించాడు.”

గిన్నె మీద ఉండేది ఎప్పుడూ ఇచ్చినవాళ్ల పేరే. సన్యాసిరావు ముత్యాల్లాంటి అక్షరాలతో ‘సింహాద్రి దంపతుల బహుమతి’ అని చెక్కేశాడు.

చిదంబరరావు కళ్లజోడు పెట్టుకుని చదివి, మోకాలిని ప్యాకింగుతో సహా సింహాద్రి ఇంటికి పంపించాడు. శుభకార్యంలో కానుకగా తప్ప అది ఇంకో చేతికి మారితే అక్రమ రవాణా అవుతుందని హెచ్చరించాడు.

నూకరత్నం వెంటనే ముహూర్తం పెట్టించి, ఇరవై రెండేళ్లుగా ఉంటున్న అద్దె ఇంటికే గృహప్రవేశం కార్డులు కొట్టించింది. ఈలోగా సింహాద్రి భార్యకు ఆఫీసులో ఎవరిదో పెళ్లి వచ్చిపడింది. అటక మీద చూస్తే ఇవ్వదగ్గది అప్పలస్వామి ఒక్కడే కనిపించాడు. రంగు కాగితం చుట్టి ఇచ్చేసింది. ఆ పెళ్లివాళ్లు ఆయన్ని ఇంకెవరికో ఇచ్చారు.

గృహప్రవేశం నాడు నూకరత్నానికి మూడు గోడ గడియారాలు, ఒక కుక్కరు, ఒక పొడుగాటి మనిషి వచ్చారు.

“మాది పార్వతీపురమమ్మా,” అన్నాడు ఆయన, కాగితం విప్పుకుంటూ. “బుజంలో రాడ్డుంది. నన్నెక్కడ ఎట్టమంటారు?”

నూకరత్నం గడియారాల పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తరవాత లేచి మంచం చూపించింది.

మర్నాడు మధ్యాహ్నం, దేశం ఇప్పుడు సురక్షితంగా ఉందని టీవీలో చెబుతుంటే, పార్వతీపురం ఆయనకు చేపల పులుసు వడ్డించింది. అప్పలస్వామికి ముళ్లు తీసుకోవడం రాదు. ఆ సంగతి ఇప్పుడు ఆయనున్న ఇంటివాళ్లకు తెలుసో లేదో. ఈయన ముక్కలో ముళ్లు తీసిపెట్టింది.