తలుపు కొట్టని మనవాడు

కనకాలపేటలోని ఆ ఇంట్లో శుక్రవారం పొద్దున్నే పప్పునూనె దగ్గర గొడవ మొదలైంది. ఆవకాయ కోసం సత్యవతమ్మ దాచిన సీసాలో నువ్వుల నూనె వేలెడు తగ్గింది. తగ్గిన నూనె కోడలు లావణ్య బల్ల మీద, గాజుగ్లాసులో నీళ్లపై తేలుతూ దొరికింది. అందులో పసుపు కూడా ఉంది.

"నూనె వేశావు, పసుపు వేశావు. పోపొక్కటే తక్కువైందమ్మా," అంది సత్యవతమ్మ.

లావణ్య కాకినాడలో పరిశోధన చేస్తోంది. మెదడు తనకు తానే తయారుచేసుకునే న్యూరోస్టెరాయిడ్లనే పదార్థాలు కణం చుట్టూ ఉండే పొరతో ఎలా మెలుగుతాయన్నది ఆమె విషయం. సోమవారం దాని గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా మాట్లాడాలి. మాట్లాడే అవకాశం ఆమెకివ్వడానికి గైడు డేనియల్ గారు ఒక షరతు పెట్టారు. ఇంట్లో సైన్సు చదవనివాళ్లకు విషయం చెప్పాలి, వాళ్లు దాన్ని తమ మాటల్లో ఆయనకు తిరిగి చెప్పాలి. లేదంటే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది. పరీక్షించడానికి ఆయన ఆ మధ్యాహ్నమే వస్తున్నారు. భర్త మణిదీప్‌కి ముందురోజే చెప్పి చూసింది. అతను రెండుసార్లు ఊకొట్టి నిద్రపోయాడు. ఇక మిగిలింది అత్తగారే.

"ఒక్క పది నిమిషాలు నా మాట వినండత్తయ్యా."

"నా నూనె నా సీసాలోకి వచ్చాక వింటాను," అని సత్యవతమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

లావణ్య తలుపు వేసుకుని ఒంటరిగా అభ్యాసం మొదలుపెట్టింది. కాసేపటికి గ్లాసు కోసం వచ్చిన సత్యవతమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది.

"మనవాడు తలుపు కొట్టడు. నేరుగా గోడలోకి దూరిపోతాడు. అక్కడే నక్కి, పక్కనుంచి తలుపు మీద చెయ్యేస్తాడు. తలుపు మామూలుకన్నా ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. లోపలి హడావుడంతా తగ్గి జోగడం మొదలవుతుంది."

ఆ 'మనవాడు' ఎవడో దొంగేననుకుని సత్యవతమ్మ తలుపుకు చెవి ఆనించింది. అంతలో లోపల ఫోను మోగింది. "రండి సార్. అత్తయ్యకింకా ఏమీ తెలియదు," అంది లావణ్య.

సత్యవతమ్మ పెరటి గోడ దగ్గరకెళ్లి పక్కింటి నాగదుర్గకు చెప్పింది. నాగదుర్గ భర్త సత్తిబాబుకు చెబుతూ మత్తుమందు సంగతి కలిపింది. వీధి చివరికి చేరేసరికి వచ్చేవాళ్లు నలుగురయ్యారు. వాళ్లలో ఒకడు గోడలెక్కడంలో ఆరితేరినవాడని కూడా తెలిసింది. కాపలాకు సత్తిబాబు ఒక పద్ధతి ఖాయం చేశాడు.

"తలుపు కొట్టినోడు చుట్టం. కొట్టకుండా గోడ పక్కన తిరిగేడంటే ఆడే."

సత్యవతమ్మ మరింత జాగ్రత్తగా వీధి గేటుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. దాంతో ఆ ఇంటి తలుపు కొట్టే వీలు చుట్టాలకు కూడా లేకుండా పోయింది.

డేనియల్ గారు మిట్టమధ్యాహ్నం కాజాల పెట్టెతో వచ్చారు. గేటుకు తాళం. లోపల్నుంచి మాత్రం లావణ్య గొంతు వినిపిస్తోంది. కిటికీలోంచి పిలుద్దామని ఆయన పక్క సందులోకి తిరిగి, నీడ కోసం గోడనానుకుని నడిచారు. నాలుగడుగులు వెయ్యకముందే సత్తిబాబు ఆయన్ని మర్యాదగా తన అరుగు మీదికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

"ఇందులో ఏం కలిపేరండి?"

"పంచదార పాకమండి."

"అయితే మీరే తినండి."

అసలే కాకినాడ నుంచి బస్సులో నిలబడి వచ్చిన మనిషి. ఆకలి మీదున్నారేమో, రెండు కాజాలు మారు మాట్లాడకుండా తినేశారు. నాగదుర్గ ఇచ్చిన చల్లటి నీళ్లు తాగారు. ఫ్యాను గాలికి ఆయన కళ్లు మూతపడ్డాయి.

"చూసేరా," అన్నాడు సత్తిబాబు మెల్లగా, అప్పటికే అక్కడికి చేరిన సత్యవతమ్మతో. నాగదుర్గ పెట్టెను పట్టకారుతో పట్టుకుని దూరంగా పెట్టింది.

సత్తిబాబు పోలీసులకు ఫోను చేయబోతుండగా, గేటు తాళంచెవి కోసం అత్తగారిని వెతుక్కుంటూ లావణ్య పెరటి దారిన వచ్చింది. అరుగు మీద గురక పెడుతున్నది ఎవరో ఆమె చెప్పాక సత్తిబాబు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. సోమవారం ఇక తనది కాదని లావణ్యకు అర్థమైపోయింది.

డేనియల్ గారు లేచి, మూతి తుడుచుకుని, సంగతంతా విన్నారు. తర్వాత సత్యవతమ్మను అడిగారు.

"ఇంతకీ నేను ఏం చేస్తాననుకున్నారమ్మా?"

సత్యవతమ్మ తగ్గలేదు. "తలుపు కొట్టడు, గోడలో దూరి నక్కుతాడు, పక్కనుంచి తలుపు పట్టుకుని మూసుకోనివ్వడు, లోపలోళ్లు జోగుతారు. మా కోడలే చెప్పింది. కావాలంటే అడగండి."

"ఆ గోడ దేంతో కట్టిందో చెప్పిందా?"

"దేంతోనా? నా పప్పునూనెతో కట్టుంటుంది."

డేనియల్ గారు లావణ్య వైపు తిరిగారు. "గోడంటే కణం చుట్టూ ఉండే కొవ్వు పొరేనని కూడా చెప్పేశారు. నీకు ఇంకేం కావాలమ్మా?"

ఆలస్యంగా అందరూ భోజనాలకు కూర్చున్నారు. మణిదీప్ కూడా డ్యూటీ నుంచి వచ్చాడు. గ్లాసులో పసుపు నూనెలోకి చేరినట్టే, నూనెను ఇష్టపడే పదార్థం నూనెలాంటి పొరలోనే ఎలా ఇమిడిపోతుందో, అందులోని చిన్న ద్వారాన్ని తెరిచి ఉంచి నరాల కంగారును ఎలా తగ్గిస్తుందో లావణ్య మళ్లీ చెప్పింది. ఈసారి సత్యవతమ్మ చివరిదాకా విని, గైడుగారికి పాత ఆవకాయ వడ్డిస్తూ తన నిర్ణయం ప్రకటించింది.

"సోమవారం నేనూ కాకినాడ వస్తున్నాను. ముందు వరసలో కూర్చుంటాను. గోడ దగ్గర తడబడిందంటే నేనే లేచి చెప్తాను."

ఆ మాట అని, కాజాల పెట్టె మణిదీప్ వైపు జరిపింది. అతను ఒకటి తిని, కాసేపు మెలకువగానే ఉన్నాడని రూఢి చేసుకున్నాకే తనూ ఒకటి తీసుకుంది.