సౌమ్య నెమళ్లు, అభిలాష్ గుర్రాలు

ఆ పొద్దున సిరిసిల్లలో సౌమ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రి కంప్యూటర్లో గీసి పూర్తిచేసిన నెమళ్ల అంచు డిజైన్‌ను మామ ఐలయ్యకు ఇవ్వాలి. ఆయన పవర్‌లూమ్ మీద మూరెడు నమూనా నేయాలి. మధ్యాహ్నం జగిత్యాల నుంచి వచ్చే చీరల షాపు కవితకు అది చూపించాలి. ఇన్నేళ్లూ ఎవరివో డిజైన్లకు నకళ్లు గీసిన సౌమ్యకు ఇది మొదటి సొంత డిజైన్. కవితకు నచ్చకపోతే మళ్లీ నకళ్లే గతి.

ఆమె అన్నం వార్చేలోపు మొగుడు అభిలాష్ అదే కంప్యూటర్లో కొత్త చెస్ ఆట ఎక్కించాడు. ఇకమీదట బొమ్మల ఫైళ్లన్నీ తనతోనే తెరవాలా అని ఆట అడిగింది. సరే అన్నాడు. ఆడిన ఆటల బొమ్మలు ఏ ఫోల్డర్లో దాచాలని అడిగింది. ఎదురుగా కనిపించిన సౌమ్య డిజైన్ల ఫోల్డరు చూపించాడు. మహానుభావుడు పెళ్లిచూపుల్లో కూడా ఇంత తొందరగా ఒప్పుకోలేదు. ఒక ఆట ఆడి, చిత్తుగా ఓడి, లేచాడు. ఆ ఓటమి బొమ్మ బుద్ధిగా ఫోల్డర్లోకి చేరింది.

సౌమ్య వచ్చి చూస్తే డిజైన్లన్నిటి మీదా ఆ ఆట గుర్తు, గుర్రం తల. నెమళ్ల ఫైలు నొక్కితే చెస్ బల్ల తెరుచుకుంది. ఏం చేశావని మొగుణ్ణి నిలదీసింది.

"నేనేం జేస్త? వైరస్ అచ్చింది" అన్నాడు అభిలాష్.

అంతటితో ఊరుకోక, కోరుట్లలో కంప్యూటర్లు బాగుచేసే సురేశ్‌కు ఫోన్ చేసి అదే కథ చెప్పాడు. అన్నిటికన్నా కొత్త ఫైలును ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసి కాపాడుకోమన్నాడు సురేశ్. కొత్తదంటే రాత్రి గీసిన నెమళ్లేనని సౌమ్య నమ్మింది. ఆ కంగారులో ఫైలు పేరు ఎవరూ చదవలేదు. ఐలయ్య పెన్‌డ్రైవ్‌ను తుండుగుడ్డతో గట్టిగా తుడిచి, వైరస్ పోయిందని నమ్మకం కుదిరాకే మగ్గానికున్న డిజైన్ పెట్టెలో పెట్టాడు. దారం తెగిందా లేదా అన్నదే ఆయన చూస్తాడు, డిజైన్ జోలికి పోడు.

కవిత వచ్చింది. నమూనా పరిచారు. అంచు పొడవునా నలుపూ తెలుపూ గళ్లు, గళ్లలో గుర్రాలు, ఏనుగులు, మూలకు చిక్కిన రాజు. సౌమ్యకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎవలు గీసిన్రిది?" అంది కవిత.

తిట్లు ఖాయమనుకున్న అభిలాష్ వెంటనే భార్యను చూపించాడు.

"మంచిగున్నది బిడ్డా. అందరు నెమళ్లే తెస్తే యాష్టకచ్చింది. గా మూలకు చిక్కిన రాజు మస్తున్నడు. గసొంటి అంచులు ఇంకిన్ని గావాలె."

మెప్పు చేజారిపోతుంటే అభిలాష్ కడుపు మండింది. "గది ఆమె గీసింది గాదు మేడం, వైరస్ గూడ గాదు, నేనాడిన ఆట" అని గుట్టంతా తానే విప్పేశాడు.

సౌమ్యకు ఒళ్లు మండింది. అయినా కోపాన్ని కాసేపు పక్కన పెట్టి, అతనితోనే సెట్టింగులు సరిచేయించి నెమళ్లను తెరిపించింది. ఒక్క ఈక కూడా చెదరలేదు. "గివి నావి" అని కవిత ముందు పెట్టింది. కవిత తేరిపార చూసి, ఇలాంటి నెమళ్లు తానెక్కడా చూడలేదని, వీటిని కొంగుకు పెట్టమని చెప్పింది. సౌమ్య కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ సాయంత్రం నుంచి రోజూ అభిలాష్‌ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, రాజు మూలకు చిక్కేదాకా అన్నం పెట్టేది లేదంది. ఓడిపోవడంలో అతనికి తిరుగులేదు కాబట్టి ఆర్డరు గడువుకు ముందే పూర్తయింది.