మేత గదికి స్పీకర్లు

ఒక మనిషికి సంచి సర్దిపెట్టడమంటే ఆ మనిషి మీద ఉన్న హక్కులో సగం వదులుకోవడమేనని తోటపల్లి గూడూరు రాఘవమ్మ సిద్ధాంతం. మిగతా సగం నిలవాలంటే, వెళ్ళే మనిషి గడప దగ్గర నిలబడి "పొయ్యొస్తా" అని నోటితో చెప్పి తీరాలి. (ఈ సిద్ధాంతానికి ఎక్కడా గుర్తింపు లేదు. అయితే దాన్ని లెక్కచేయకుండా వెళ్ళిన వాళ్ళెవరూ తిరిగొచ్చి వాదించలేదు.)

అందుకే ఆవిడ తమ్ముడు గిరిబాబు సంచిలో లుంగీలు, తువ్వాలు, నిమ్మకాయ ఊరగాయ, జలుబు మాత్రలు పెట్టి, జిప్పు వేసి, మళ్ళీ తీసి గొడుగు కూడా దూర్చింది.

"చెన్నైకి స్పీకర్లు చూసుకోను పోతా ఉండానక్కా, కాశీకి కాదు."

"మీ బావ కూడా చీరాలకి పెళ్ళికే పోతా ఉండా అన్నాడు. యుద్ధానికని అనలా."

ఆ పెళ్ళి వ్యాను ఒంగోలు దాటి ఇవతలకి రాలేదు.

"ఏదీ, చెప్పు."

"పొయ్యొస్తా."

"గట్టిగా."

"పొయ్యొస్తానక్కా!"

ఎదురింటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పోలేరయ్య తలెత్తకుండానే "మంచిది, పొయ్యిరాన్నా" అన్నాడు.

గిరిబాబుకు పెళ్ళి కాలేదు. రొయ్యల గుంటలు ఉన్నాయి, పాటల పిచ్చి ఉంది. సాయంత్రమైతే మోటారుసైకిలేసుకుని నెల్లూరులో మంచి స్పీకర్లున్న స్నేహితుడి ఇంటికి వెళ్ళేవాడు. చీకట్లో చేపల లారీల మధ్యలోంచి తిరిగొచ్చేదాకా రాఘవమ్మ గేటు పట్టుకుని నిలబడేది. చివరికి ఆవిడే ఒక ఉపాయం ఆలోచించింది. మంచి పాట ఇంట్లోనే ఉంటే మనిషి గడప దాటి ఎక్కడికి పోతాడు? వెంటనే రొయ్యల మేత బస్తాలు వేసే చిన్న గది ఖాళీ చేయించింది. బస్తాలు వరండాలోకి వెళ్ళాయి. వాసన మాత్రం గదిలోనే ఉంటానంది.

ఇక్కడినుంచి వ్యవహారం చెన్నైలోని శ్రుతిశుద్ధి ధ్వని నిలయం వారి చేతుల్లోకి వెళ్ళింది. వారు స్పీకర్లను మనుషులకు అమ్మరు. గదులకు అమ్ముతారు. మనిషి ఆ గదికి సంరక్షకుడు మాత్రమే. వారి యాప్‌లో మేత గదికి సొంత ఖాతా, సొంత పాస్‌వర్డు ఇచ్చారు. గది కట్టిన తేదీ అడిగి తీసుకుని, ఆ రోజున గదికి పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా పంపారు. (గిరిబాబు పుట్టినరోజు ఆ మరుసటి వారమే. ఎవరూ ఏమీ పంపలేదు.)

మొదటిసారి గిరిబాబు చెప్పిన రైలుకే తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వాళ్ళ హాల్లో వింటే, పాడే మనిషి ఎదురుగా కూసోని ఊపిరి తీసుకునేది కూడా వినపడతాదక్కా!"

"దానికి చెన్నై ఎందుకురా? నువ్వు గురక పెడితే పోలేరయ్యకి వినపడతాది."

మరునాడు గది అర్హతా విభాగం అధిపతి రెజీనా గారు ఫోన్ చేశారు.

"మేడమ్, ఫొటోలు చూశాం. మీ గదికి ఇంకా పరిపక్వత రాలేదు."

"కట్టి ముప్పయ్యేళ్ళు దాటిందమ్మా."

"వయసు వేరు, పరిపక్వత వేరు మేడమ్. చిన్న గది కదా, బాస్, అంటే పాటలో ఆ బరువైన మోత, మూలల్లో నిలిచిపోతుంది."

"వాన నీళ్ళ మాదిరా?"

"కరెక్ట్ మేడమ్."

వాన నీళ్ళ సంగతి రాఘవమ్మకు తెలుసు. ఇంట్లో ఉన్న పరుపులన్నీ చుట్టి మూలల్లో నిలబెట్టించింది. ఆ తర్వాత ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు చాప మీద పడుకున్నారు. బాస్ పరుపుల మీద పడుకుంది.

స్పీకర్ల కన్నా ముందు వాటి స్టాండ్లు వచ్చాయి. పెళ్ళికొడుకు రాకముందే పీటలు వచ్చినట్టు. బోలు ఇనప గొట్టాలు. కదలకుండా ఉండాలంటే వాటిలో పొడి ఇసుక నింపాలని కాగితంలో రాశారు. సముద్రం పక్కనే ఉన్నవాళ్ళకు ఇసుక ఒక సమస్యా? పోలేరయ్య తీరం నుంచి ఒక గోతం మోసుకొచ్చాడు.

అయితే రొయ్యల రైతు దేన్నీ పరీక్షించకుండా ఒప్పుకోడు. గిరిబాబు గుప్పెడు ఇసుకను నీళ్ళలో కలిపి, గుంట దగ్గర వాడే ఉప్పు మీటరు పెట్టి చూశాడు.

"ఫస్టుక్లాసుగా ఉండాది! ఈ ఉప్పులో రొయ్య పిల్లల్ని వదిలితే ఒక్కటి చావదు."

"రొయ్య బతికేకాడ పాట బతకదా అన్నా," అన్నాడు పోలేరయ్య.

ఆ విధంగా ఇసుక పరీక్ష పాసై, స్టాండ్లలోకి దిగింది. తొలకరి గాలి తగిలేసరికి అతుకుల్లోంచి ఎర్రటి నీళ్ళు కారడం మొదలైంది. స్టాండ్లకు తుప్పొస్తే గదికి అర్హత పోతుందని రెజీనా గారు విచారంతో తెలియజేశారు. కొత్త స్టాండ్లు పంపుతామని, ఈసారి నది ఇసుకే వాడాలని, అదీ కడిగిందై ఉండాలని చెప్పారు.

నది ఇసుకంటే సంగం దగ్గర పెన్నా ఇసుక. పెన్నా ఇసుకంటే ఫోన్లో దరఖాస్తు. కావలసింది రెండు బకెట్లు. ఇచ్చేది కనీసం ఒక ట్రాక్టరు. ఎందుకు కావాలో చెప్పమని ఫోను అడిగింది. ఇల్లు, గోడ, రోడ్డు, గుడి అని మాత్రమే ఉన్నాయి. పాట వినుటకు అని లేదు. గిరిబాబు కాసేపు ఆలోచించి గోడ నొక్కాడు.

ట్రాక్టరు వచ్చింది. దాని వెనకే మోటారుసైకిలు మీద ఇసుక సద్వినియోగ నిర్ధారణ ఉపాధికారి ముత్యాలయ్య గారు కూడా వచ్చారు.

"గోడ ఎక్కడండీ?"

"గోడ లేదు సార్. స్పీకర్ల స్టాండ్లలో పొయ్యడానికి."

"స్పీకర్లతో గోడ కట్టరు కదండీ. వచ్చే వారం వస్తా. గోడ చూపిస్తే ఫొటో తీసుకుంటా. లేదంటే ఇసుక నదిలో పోసి రావాల."

ట్రాక్టరు ఇసుకను పెన్నాలో పోసి రావడంకన్నా గోడ కట్టడం సులభమని తేలింది. పెరట్లో కడితే ప్రహరీ అవుతుంది, దానికి వేరే అనుమతి కావాలి. ఇంటి లోపల కట్టే గోడకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి మేత గదిలో, ఉన్న గోడకు ముందు ఇంకో గోడ లేచింది. ముత్యాలయ్య గారు దాన్ని తట్టి చూసి, "మంచి గోడండీ" అని మెచ్చుకుని, కాఫీ తాగి, ఫొటో తీసుకుని వెళ్ళారు. మిగిలిన ఇసుకలోంచి రెండు బకెట్లు కడిగి, ఆరబెట్టి, కొత్త స్టాండ్లలో నింపారు.

గది ఇప్పుడు మూరెడు తగ్గింది. తగ్గిన గదికి మొదట ఎంచిన స్పీకర్లు ఎక్కువవుతాయని రెజీనా గారు తేల్చారు. సంరక్షకుడు మళ్ళీ వచ్చి, హాల్లో కూర్చుని, చిన్నవి విని ఎంచుకోవాలి.

గిరిబాబు మళ్ళీ వెళ్ళాడు. రెండు రోజులన్నవాడు వారం ఉండి వచ్చాడు. ఇంకోసారి వెళ్ళి ఇంకొంచెం ఎక్కువ ఉన్నాడు. గేటు దగ్గర నిలబడే పని రాఘవమ్మకు సాయంత్రాల నుంచి వారాలకు మారింది.

"ఏందిరా, రెండు డబ్బాలు ఎంచుకునేదానికి ఇన్ని దినాలా?"

"వినాల కదక్కా."

ఆ హాల్లో ఫోను చూసుకోకుండా పాట చివరిదాకా వినే మనిషిని శ్రుతిశుద్ధి వారు ఎన్నడూ చూడలేదట. చాలాసేపు చర్చించి, అతన్ని తమ సంస్థకు 'ప్రామాణిక శ్రోత'గా నియమించారు. ఇకమీదట ఊరూరా గదులను అతని చెవులతో సరిచూస్తారు. ఉద్యోగం తాత్కాలికం. చిన్న స్పీకర్లు సిద్ధమయ్యేదాకానే.

రెజీనా గారే ఫోన్ చేసి అభినందించారు. "మీ తమ్ముడుగారు మా హాలుకు ఎంత బాగా సరిపోయారో మేడమ్!"

"మరి మా గదికో?"

"మీ గదికి స్పీకర్లు పంపుతాం మేడమ్."

గిరిబాబు సామాను కోసం వచ్చాడు. రాఘవమ్మ సంచిలో ఎప్పటిలాగే లుంగీలు, ఊరగాయ పెట్టింది. బీరువాలో మిగిలిన బట్టలు అతనే ఇంకో సంచిలో పెట్టుకున్నాడు. గడప దగ్గర ఆగి, ఎవరూ అడక్కుండానే, ఎదురింటికి వినిపించేలా "పొయ్యొస్తానక్కా" అన్నాడు.

అడక్కుండా చెప్పడమే రాఘవమ్మకు నచ్చలేదు. కానీ ఆ విషయంలో ఆవిడ సిద్ధాంతం ఏమీ చెప్పడం లేదు.

శ్రావణంలో స్పీకర్లు వచ్చాయి. చక్కగా ఉన్నాయి. స్టాండ్ల మీద, కూర్చున్న మనిషి చెవుల ఎత్తులో నిలబడ్డాయి. ఎదురుగా ఒక కుర్చీ వేశారు. యాప్ వెంటనే గదిని అభినందించింది. 'మీ గది సంపూర్ణ అర్హత సాధించింది. శ్రోత గదిలో ఉన్నారా?' రాఘవమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. నొక్కడానికి రెండే ఉన్నాయి: 'ఉన్నారు', 'త్వరలో వస్తారు'. ఆవిడ రెండోది నొక్కింది. అది రోజూ అడుగుతుంది. ఆవిడ రోజూ అదే నొక్కుతుంది.

గిరిబాబు గుంటలను ఫోన్లోనే కౌలుకిచ్చేశాడు. ఆదివారాలు మాట్లాడతాడు.

"ఎట్టా వినపడతా ఉండాదక్కా?"

"బాగుండాది నాయనా. ఊపిరి కూడా వినపడతాంది."

"పాడేవాళ్ళదా?"

"కాదు. నాదే."

గిరిబాబు 2023 జులై పద్నాలుగు, శుక్రవారం పొద్దున రైలుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు.