చార్టు మీద ఎలుగుబంటి

కంటి క్లినిక్‌లో చూపు పరీక్షించే అక్క ఆ రోజు పొద్దున్నే ఒక నిర్ణయంతో నిద్ర లేచింది. స్నేహితురాలు గీసిన బొమ్మల్ని ఇవాళ నలుగురికీ చూపించి తీరాలి. క్లినిక్‌లో చిన్నా పెద్దా అందరూ ఆమెని అక్క అనే పిలుస్తారు. స్నేహితురాలిని మాత్రం చిన్నప్పటి నుంచీ అందరూ మరక అంటారు. వేళ్ళకి ఇంకు మరక లేకుండా ఆవిడ కనిపించిన రోజు లేదు మరి.

కిందటేడు అక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని మంచం పట్టింది. మరక రోజూ వచ్చి, అన్నం గిన్నె కింద ఒక బొమ్మ పెట్టి వెళ్ళేది. కాలికి కట్టుతో గంతులేసే ఎలుగుబంటి, కళ్ళజోడు తుడుచుకునే మొసలి, టోపీలో కోడి గుడ్లు పెడుతున్నా చెయ్యి దించని ట్రాఫిక్ పోలీసు. చూడవచ్చిన చుట్టాలందరూ జాలిపడి వెళ్ళారు, మరక ఒక్కతే నవ్వించింది. తనను మళ్ళీ నిలబెట్టింది ఆ నవ్వేనని అక్క నమ్మకం. అంత మేలు చేసిన మనిషికి తిరిగి ఏమీ చేయలేదే అని ఆమెకి ఒకటే బాధ.

"చుక్కల మందు వేసుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారే మా పేషెంట్లు. వాళ్ళకి చూపిస్తానే" అని నెల రోజులు బతిమాలితే మరక ఒప్పుకుంది. అదీ ఒక షరతు మీద.

"ఒక్కళ్ళు వెక్కిరించినా సరే, ఇక జన్మలో పెన్ను ముట్టుకోను. తర్వాత నా వెంటపడొద్దు."

మరక అన్నదంటే అన్నదే. చిన్నప్పుడు పాడుతుంటే ఎవరో కిసుక్కున నవ్వారని, మళ్ళీ ఇంతవరకూ గొంతు విప్పలేదు.

అక్క అందరికన్నా ముందే క్లినిక్‌కి చేరింది. హాల్లో గోడలకి కొత్తగా రంగు వేయించారు. మేకు కొడితే ఊరుకోనని డాక్టరమ్మ ముందే చెప్పింది. అందుకని అక్క పరీక్ష గదిలోనే, అక్షరాల చార్టు వేలాడే మేకు నుంచి కిటికీ ఊచ దాకా దారం కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు తగిలించింది. ఫ్యాను వేసి, తలుపు దగ్గరగా వేసి, మరకని తీసుకురావడానికి బయల్దేరింది. అటు ఆమె గేటు దాటిందో లేదో, ఇటు ఫ్యాను గాలికి బొమ్మలన్నీ దారం మీద జారుకుంటూ వచ్చి చార్టు మీద గుంపుగా చేరాయి.

అక్క కనపడకపోయేసరికి డాక్టరమ్మ తనే పరీక్షకి కూర్చుంది. ఆవిడ చార్టుకి వీపు పెట్టి, పేషెంటు కళ్ళల్లోకి చూస్తూ కూర్చుంటుంది. చార్టు ఎటూ కంఠతా వచ్చు కాబట్టి వస్తూ పోతూ కూడా అటు చూసే అలవాటు లేదు. మొదట వచ్చినవాడు రిటైరైన లెక్కల మాస్టారు. అద్దం పెట్టకముందే చార్టు మొత్తం గడగడా అప్పచెప్పేశాడు.

"బ్రహ్మాండం! ఊరికే ఈ అద్దంతో కూడా ఒకసారి చూడండి."

అద్దం పెట్టగానే మాస్టారు నోరు తెరిచాడు. "అమ్మా, ఎలుగుబంటి!"

"ఏ వరసలో?"

"వరసేమిటమ్మా, డాన్స్ చేస్తుంటే! కాలికి కట్టు కూడా ఉంది పాపం."

డాక్టరమ్మ ఆయన్ని మెల్లగా లేపి పక్క గదిలో పడుకోబెట్టింది. తర్వాత బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. ఈలోగా ఫ్యాను గాలికి పై కాగితం పక్కకి తప్పుకుంది. "మొసలండీ, కళ్ళజోడు తుడుచుకుంటోంది. మంచి ఫ్రేమే" అంది ఆవిడ.

ఇద్దరికీ అంతకుముందే కౌంటరు దగ్గర కూర్చునే బాబాయి కళ్ళల్లో చుక్కల మందు వేశాడు. ఆ సీసా మందుల షాపు నుంచి నిన్ననే వచ్చిన సరుకు. డాక్టరమ్మకి అనుమానం ఆ మందు మీదికి పోయింది. హాల్లోకి పరుగెత్తుకొచ్చి, "బాబాయ్, ఆ మందు ఎవరికీ వేయొద్దు! వేసుకున్నవాళ్ళకి జంతువులు కనపడుతున్నాయి!" అని అరిచింది.

హాలంతా గోలగోలయింది. ఒకాయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని తెరవనంటాడు. "తెరిస్తే నేను కనపడతాననా?" అని ఆయన భార్య తగులుకుంది. మూల కూర్చున్న ఇంకొకాయన, "నాకు పిల్లి కూడా కనపడలేదు. నాకు సరిగ్గా వేసినట్టు లేరు" అని బాబాయి మీదికి లేచాడు.

కబురందుకుని మందుల షాపాయన ఆయాసపడుతూ వచ్చాడు. "నా మందులో తప్పుందా? చూడండి!" అంటూ అందరి ముందూ తన కళ్ళల్లోనే నాలుగు చుక్కలు వేసుకున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. బయటికి వచ్చేటప్పటికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఒంటె... ఫోన్లో మాట్లాడుతోంది" అని బెంచీ మీద కూలబడ్డాడు. "షాపు మూసేస్తానమ్మా. ఇన్నేళ్ళ పేరు పోయింది."

సరిగ్గా అప్పుడే అక్క, మరక గుమ్మంలోకి వచ్చారు.

"ఆ ఒంటె నాదేనే" అంది మరక. "జనం జడుసుకుంటున్నారు. పద, నేను పోతా."

అక్కకి విషయం అర్థమైంది. నోరు మూసుకుని బొమ్మలు తీసేస్తే నింద మందు మీదికి పోతుంది. నిజం చెబితే తన ఉద్యోగానికీ, మరక పెన్నుకీ ఒకేసారి నీళ్ళు వదులుకోవాలి. బెంచీ మీద కూలబడ్డ మనిషిని చూశాక ఇక ఆగలేకపోయింది.

"మందులో ఏమీ లేదమ్మా. అవి బొమ్మలు. నేనే తగిలించాను. తప్పు నాది, గీసినావిడది కాదు."

డాక్టరమ్మ గబగబా పరీక్ష గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపల్నుంచి వెక్కిళ్ళలాంటి చప్పుడు. మరక సంచీ భుజానికి వేసుకుంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది. "ఆ కోడి... ఆ పోలీసాయన మొహం..." అని మళ్ళీ గోడకి ఆనుకుంది. అది చూసి హాల్లోవాళ్ళందరూ లోపలికి ఎగబడ్డారు. షాపాయన ఒంటెకి దణ్ణం పెట్టి మరీ నవ్వాడు.

"నవ్వుతున్నారే" అంది మరక.

"నవ్వుతున్నారు. నేనూ మంచం మీద ఇలాగే నవ్వాను. లేచి నడిచాను."

మరక అక్క చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. "మాస్టారూ, చార్టు కనపడకుండానే ఎలా చదివారు?"

మాస్టారు తల దించుకున్నాడు. "పాతికేళ్ళుగా అదే చార్టు కదమ్మా. నోటికొచ్చేసింది. కళ్ళజోడు పడితే మనవలు ముసలాడంటారని..."

డాక్టరమ్మ మరక రెండు చేతులూ పట్టుకుంది. "మీ పుణ్యమా అని ఈయన దొంగాట బయటపడింది. నెల నెలా కొత్త బొమ్మలు గీసివ్వాలి మీరు. గోడలకి ఎన్ని మేకులైనా కొట్టుకోండి. రండి, ఈ కుర్చీలో కూర్చుని ఇక్కణ్ణుంచి ఎలా ఉన్నాయో మీరే చూడండి."

మరక సిగ్గుపడుతూ కూర్చుంది. కళ్ళు చికిలించి ఎదురుగా చాలాసేపు చూసింది.

"గోడ బాగుందండీ. బొమ్మలు ఎక్కడ పెట్టారు?"

ఆ రోజు క్లినిక్‌లో అందరికన్నా మందమైన అద్దాలు ఆవిడకే పడ్డాయి.