ఫ్రెంచిలో పరామర్శ

ఆ శనివారం పొద్దున్న సీతారత్నం ఇడ్లీలు ఆవిరికి పెట్టి, ఫోను పోపులడబ్బాకి ఆనించి ఫ్రెంచి వీడియో చూస్తోంది. పదింటికి పరీక్ష. పరీక్ష పిల్లలకే అయినా, తేడా వస్తే ఊడేది మాత్రం ఆమె ఉద్యోగం.

నిజానికి ఆమె అమలాపురంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. కరస్పాండెంటు సత్యప్రసాద్ గారు ముందు బోర్డు మీద ‘ఫ్రెంచి కూడా నేర్పబడును’ అని రాయించి, ఆ తర్వాత నేర్పేవాళ్ల కోసం వెతికారు. ఎవరూ దొరక్కపోయేసరికి సీతారత్నం దొరికింది.

"నాకు ఫ్రెంచి రాదండీ," అంది.

"ఫోన్లో అన్నీ ఉన్నాయి కదండీ. చూసి చెప్పేయండి. కుదరదంటే చెప్పండి, వేరేవాళ్లని చూసుకుంటాం," అన్నారాయన.

ఇంట్లో మరో జీతం లేదు. "ఆయ్," అంది.

ఆమెకు దొరికిన వీడియోల్లో ఉంగరాల జుట్టు పిల్ల ఒకతె మొదటి నుంచి చివరిదాకా ఫ్రెంచిలోనే మాట్లాడుతుంది. ప్రతి వాక్యం చివరా చెయ్యి ముందుకు చాపి, నవ్వుతూ "ఆ వోత్ర్ తూర్" అంటుంది. అంత మర్యాదగా అంటోందంటే అది మన ‘అండీ’ లాంటిదే అయి ఉంటుందని సీతారత్నం తీర్మానించుకుంది. పిల్లలకీ అలాగే నేర్పింది. దసరా వచ్చేసరికి బడంతా "బోంజూర్, ఆ వోత్ర్ తూర్" అనుకుంటూ తిరుగుతోంది. ఫీజు కట్టడానికి వచ్చిన వాళ్లతో సత్యప్రసాద్ గారు కూడా అనడం మొదలుపెట్టారు.

ఇవాళ పిల్లల్ని పరీక్షించడానికి వస్తున్నది కాట్రేనికోన వీరవెంకటరమణ గారు. పుట్టింది యానాం. ఫ్రెంచి సైన్యంలో ఉద్యోగం చేసి, వచ్చి కొబ్బరితోట కొనుక్కుని స్థిరపడ్డారు. ఆ చుట్టుపక్కల ఫ్రెంచి వచ్చిన మనిషంటే ఆయన పేరే చెబుతారు. ఆ పేరు వింటేనే సీతారత్నానికి కొన్నాళ్లుగా ముద్ద దిగడం లేదు.

ఇడ్లీలు దించుతుండగా సత్యప్రసాద్ గారు ఫోను చేశారు.

"పరీక్ష లేదండీ టీచరుగారూ. రమణగారు తెల్లారగట్ల పోయేరు. గుండెపోటంట."

"అమ్మయ్య!" అనేసింది సీతారత్నం.

"అవునండీ, నాకూ ‘అయ్యయ్యో’ అనిపించింది," అన్నారాయన, ఆమె గొంతు సరిగా వినపడక. సీతారత్నం సిగ్గుపడి లెంపలేసుకుంది. అవతల ఆయన చెప్పుకుపోతున్నారు. "ఊరుకుంటే బాగోదండీ. పిల్లల్ని వ్యానులో తీసుకెళ్లి, ఆయన ముందు ఫ్రెంచిలో వీడ్కోలు చెప్పిద్దాం. పేపరోళ్లకి కూడా కబురెట్టేను."

వ్యాను కదిలాక సీతారత్నం ‘ఫ్రెంచిలో సంతాపం’ అని వెతికింది. దొరికిన మాటలకు ఆమె నోరే తిరగలేదు, ఇక పిల్లల నోరేం తిరుగుతుంది? ‘ఫ్రెంచిలో వీడ్కోలు’ అని వెతికితే ఉంగరాల జుట్టు పిల్ల ప్రత్యక్షమైంది. తోటల్లో సిగ్నలు అందక బొమ్మ మసకమసగ్గా ఉంది. చేతిలో రుమాలు ఊపుతోంది. పాపం, ఏడుస్తోందనుకుంది సీతారత్నం. ఆ మాటలే దారి పొడవునా పిల్లల చేత వల్లె వేయించింది.

ముంగిట్లో షామియానా వేసి, రమణగారిని అద్దాలపెట్టెలో పడుకోబెట్టారు. తలదగ్గర భార్య భవానీదేవి కూర్చుని ఉంది. పిల్లలు చేతులు కట్టుకుని వరసగా నిలబడి, పెట్టెవైపు చూసి, "బోన్ వోయాజ్! ఆ బియాంతో!" అన్నారు. తర్వాత భవానీదేవి వైపు తిరిగి, వీడియోలో లాగే చేతులు చాపి, నవ్వుతూ, "ఆ వోత్ర్ తూర్!" అన్నారు.

భవానీదేవి తలెత్తి చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆ పరాయి మాటలకే కరిగి గొల్లుమన్నారు. ఆ స్పందనకు సత్యప్రసాద్ గారికి హుషారొచ్చింది. "ఇంకోసారి! గట్టిగా! ఫొటో పళ్లేదు," అన్నారు. ఇంకోసారీ అయింది.

భవానీదేవి లేచి, సీతారత్నం చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"శుభప్రయాణం, త్వరలోనే కలుద్దాం, ఇక మీ వంతు. పిల్లలు మాకు చెప్పింది అదమ్మా."

సీతారత్నం చేతులు జోడించింది.

"ఉంగరాల జుట్టు పిల్ల దగ్గరేనా నేర్చుకున్నారు?" అడిగింది భవానీదేవి.

"మీకెలా తెలుసండీ?"

"మా ఆయనకి ఫ్రెంచి రాదమ్మా. క్యాంపులో వంట చేసేవారు. చుట్టూ అంతా మన యానాం వాళ్లే. అక్కడ బజారుపని నాది గనక నాకొచ్చింది. మీ కరస్పాండెంటుగారు పిలిచేక కాదనలేకపోయేరు. పిల్లల ముందు పరువు పోతుందని ఒకటే బెంగ. ఎప్పుడు చూసినా ఆ వీడియోలే." ఆమె కిటికీ పక్కనున్న కుర్చీ వైపు చూసింది. "పొద్దున్న కాఫీ పట్టుకెళ్తే కుర్చీలో ఒరిగిపోయున్నారు. ఫోను చేతిలోనే ఉంది. ఆ పిల్ల ‘మీ వంతు, మీ వంతు’ అని అడుగుతూనే ఉంది."

సీతారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను ఆయనకి భయపడి చచ్చేనండీ," అంది ఏడుస్తూ.

"ఆయన మీకు భయపడి నిజంగానే పోయేరు," అంది భవానీదేవి. అని, నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి చేసి, ఆమె భుజం మీద వాలిపోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "ఆయన సంగతి బయటికి రానివ్వకండమ్మా. మీ సంగతి నేనెత్తను."

తలుపు తోసుకుని సత్యప్రసాద్ గారు తొంగి చూశారు. "మా పిల్లల ఫ్రెంచి ఎలా ఉందండీ అమ్మగారూ?"

"ఒక్క తప్పు లేదండీ," అంది భవానీదేవి. "మా ఆయన కూడా అంత బాగా మాట్లాడలేరు."

సత్యప్రసాద్ గారు కళ్లు ఒత్తుకున్నారు. వచ్చే ఏడాది నుంచి జర్మను కూడా పెడుతున్నామని, అదీ సీతారత్నం గారే చెబుతారని, వ్యానెక్కేముందు పేపరువాళ్లకు చెప్పేశారు.